ఎండబెట్టిన మొక్కజొన్న

దాణా మిల్లు యజమాని గారికి,

మా కోళ్లు చచ్చింది మీరన్నట్టు మీ చెల్లెలికి పెంపకం చేతకాక కాదు. చచ్చిన కోడిని డాక్టరు మా కళ్లెదుటే కోశారు. కాలేయం పసుపుబారి, ముట్టుకోగానే చిట్లింది. దాణాలోని బూజు విషమే కారణమన్నారు.

తడిసిన మొక్కజొన్నను మీరు ఎండబెట్టి కలుపుతున్నప్పుడే నేను అభ్యంతరం చెప్పాను. “ఎండకి బూజు ఎగిరిపోయిందిగా బావా! నీ రాత్రిబడి చదువు కోళ్లకి చెప్పుకో!” అని నవ్వారు. బంధుత్వానికి విలువిచ్చి ఊరుకున్నాను. బూజు పోతుంది, విషం పోదు.

ఇప్పుడు మీ చెల్లెలు తన చెయ్యే మంచిది కాదని దాణా తొట్టి ముట్టుకోవడం లేదు. “మా అన్నయ్య అలా చెయ్యడు” అంటోంది.

మిగిలిన బస్తాలు వెనక్కి పంపుతున్నాను. మీరు వచ్చి, ఆమె ఎదుట నిలబడి, “తప్పు నాదేనమ్మా” అనండి. ఆ రోజున మళ్లీ ‘బావగారికి’ అని ఉత్తరం మొదలుపెడతాను.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త