హద్దు రాళ్లు

ఆదివారం, రాత్రి

నాన్న తోట పంచుకున్నాక ఈరోజే మొదటిసారి ముసునూరు వెళ్లాను. "ఎండలో నువ్వు రావడమెందుకమ్మా, నీ భాగం నేను కొలిపిస్తాగా" అన్నాడు అన్నయ్య అప్పట్లో. సరేనని సంతకం పెట్టేశాను. కాలేజీలో జియాలజీ చెప్పే మనిషిని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

హద్దు రాళ్లు చూడగానే అక్కడే ఆగిపోయాను. అవి తిన్నగా పోలేదు. పంపుషెడ్డు దగ్గర వంకర తిరిగి, చిన్నరసం మామిడి చెట్టు దగ్గర మళ్లీ తిరిగాయి. ఆ వంకర నాకు తెలుసు. పోయిన వేసవిలో చెప్పు కొనతో నేనే అన్నయ్యకి గీసి చూపించిన గీత అది.

"ఇటుపక్కది ఇసుకరాయి అన్నయ్యా. ఎప్పుడో నీళ్లు తెచ్చి పోసిన ఇసుక పొరలు పొరలుగా గట్టిపడింది. ఆ సందుల్లో నీళ్లు నిలుస్తాయి. అటుపక్కది భూమి లోపలి వేడికి, ఒత్తిడికి రూపమే మారిపోయిన రాయి. ఆ చారలు చూడు. అక్కడ బోరు వేస్తే పొడే వస్తుంది."

ఇసుకరాయంతా తనకి. చారల రాయి నాకు. మధ్యలో పాతించినవి గ్రానైట్, కరిగిన శిలాద్రవం చల్లారి బిగుసుకున్న రాళ్లు. మూడు రకాలూ ఒక్కచోటే ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్లి పాఠం చెప్పొచ్చు!

అడిగితే, "సమానంగానే కొలిపించానమ్మా, కావాలంటే టేపు పట్టించుకో" అన్నాడు. నిజమే, సెంటు కూడా తేడా ఉండదు. వచ్చే ఎండాకాలం నా చెట్లకి నీళ్లు ఎక్కణ్ణుంచి...

ఆ రోజు "ఈ రాయి సరిగ్గా ఎక్కడిదాకా ఉందమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. నా క్లాసులో ఎవరూ ఇంత శ్రద్ధగా అడగలేదని మురిసిపోయి, ఎండలో చివరిదాకా నడిచి మరీ చూపించాను.