నూనె కలపని పెట్రోల్

మంగళవారం, నాంపల్లి

దవాఖానకు పోయి నా దోస్తు ప్రభుదాసును చూసొచ్చిన. తొడ ఎముక విరిగింది. మళ్లీ రేసు బండి ఎక్కుడు కష్టమేనట.

ఆదివారం గుట్టల మీద ప్రాక్టీసుల వాని బండి ఇంజిన్ ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం ఆగి, మనిషి ఎగిరిపడ్డడు. నిన్న నా మెకానిక్ షాపుల ఇంజిన్ విప్పితే పిస్టన్ సిలిండర్‌కు అతుక్కపోయి ఉంది. నూనె తడి ఎక్కడా లేదు.

టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు పెట్రోల్‌లనే నూనె కలపాలె, లేకుంటే పిస్టన్ అతుక్కపోతది. ఫోర్-స్ట్రోక్‌కు అక్కర లేదు. ఏడాది నుంచి నా దగ్గరికి రిపేరుకు వచ్చే బండ్లు దాదాపు అన్నీ ఫోర్-స్ట్రోకులే. శనివారం వాని ట్యాంకు నింపింది నేనే, గా అలవాటుల ఉత్త పెట్రోల్ పోసిన. "టూ-స్ట్రోక్ తీస్కో, ఇంట్లనే బాగుచేసుకోవచ్చు" అని కొనిపిచ్చింది గూడ నేనే.

వాడు నా చెయ్యి పట్టుకున్నడు.

"అన్నా, దారిల అరలీటరు పెట్రోల్ పోయించుకున్న. నూనె కలపలే. నా తప్పే. నువ్వు ఫికర్ చెయ్యకు."

నిండు ట్యాంకుల నూనె ఉంటే అరలీటరుకు ఇంజిన్ పట్టదు. నాకు తెలుసు.

వాని భార్య నా దిక్కు చూసింది. "నిజమేనా అన్నా, ఈయన తప్పేనా?"

"ఔ" అన్న.

ఆమె వాన్ని తిట్టుకుంట ఏడ్సింది. నేను బయటికొచ్చి అబిడ్స్ దాక నడిచిన. రెండుసార్లు ఆగిన, కానీ వెనక్కి పోలే.