నార్బ్ గ్లాసులో ఏముంది

తమ్ముడు లైల్‌కి,

నువ్వు నా మొగుణ్ణి చంపావు. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు, తర్వాత నీ భార్య కార్ల వచ్చి మధ్యలో దూరి ఇద్దరికీ సర్దిచెబుతుంది. కాగితాన్ని పెట్టేయలేవు కదా. చదువు.

సోమవారం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కాలేయ మార్పిడి జాబితాలోంచి నార్బ్ పేరు కొట్టేశారు. మూత్ర పరీక్షలో మద్యం ఆనవాలు దొరికిందట. ఆరు నెలలు చుక్క ముట్టకుండా ఉంటేనే జాబితాలో చోటు ఖాయం. ఆ గడువు ముగింపుకి వచ్చేశాం. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మొదలుపెట్టినా అన్నాళ్లు నార్బ్ ఉండడు. ఆ మాట డాక్టర్ నా మొహం చూసి చెప్పలేక కిటికీకి చెప్పాడు.

నార్బ్‌ని అడిగాను. "తాగావా?"

"లేదు."

"లైల్ ఇంట్లో?"

"అక్కడ నేను తీర్పరిని ఆర్డీ. తాగేవాణ్ణి కాదు."

ముప్పై ఏళ్ల కాపురంలో నార్బ్ నాకు అబద్ధం చెప్పింది నీ కోసం మాత్రమే. నీ ట్రక్కు మా గ్యారేజీ తలుపుకి గుద్దినప్పుడు గాలి వాన అన్నాడు. ఇప్పుడూ అదే మొహం పెట్టాడు.

మీ ఇంటి కింది గదిలో ఆ బారు కట్టిన రోజునే ఇలా అవుతుందని నాకు తెలుసు. ఈ చలికాలం దానికి కొత్త వేషం వేశావు. పేరున్న పాత కాక్‌టెయిళ్లన్నీ ఇంట్లో చేయడం, శుక్రవారానికి రెండు చొప్పున పక్కపక్కన పెట్టి పోల్చడం, గ్లాసు అడుగున కాగితం అంటించి ఏది ఏదో తెలియకుండా ఓట్లు వేయించడం. మన్‌హాటన్ ఒక వారం, మార్టినీ ఒక వారం. చివరికి గెలిచినదాన్ని మన ఊరి బ్రాందీ ఓల్డ్ ఫ్యాషన్డ్‌తో పోటీకి పెట్టడం. ప్రతిసారీ మనదే గెలుస్తుంది. గ్లాసులో సోడా తొణుకుతుంటే అది మనదని ఏ గుడ్డివాడికి తెలియదు? ఇంతకన్నా దొంగ ఎన్నిక నేను మిల్లు యూనియన్లో కూడా చూడలేదు, అక్కడ చాలానే చూశాను.

నార్బ్ నాలుక మంచిదని ఊరంతా ఒప్పుకుంటుంది. కానీ అది ఒక శరీరంలో ఉన్న నాలుక. శుక్రవారం చేపల భోజనానికి ముందు ఒకటి, భోజనంతో ఒకటి, దారికి ఒకటి. ఈ విస్కాన్సిన్‌లో దీన్ని ఎవరూ తాగుడు అనరు, మర్యాద అంటారు. చర్చిలో పుట్టిన బిడ్డ మీద నీళ్లు చల్లినా గ్లాసు, పోయినవాడి మీద మట్టి చల్లినా గ్లాసు. వద్దన్నవాణ్ణి జబ్బు మనిషిలా చూస్తారు. నార్బ్ నిజంగా జబ్బు మనిషి అయ్యాక కూడా నువ్వు అతన్ని ఆ ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టావు. "వాసన చూసి చెబుతాడులే అక్కా" అన్నావు. ఎంత పోశావో చెప్పు. చెప్పేదాకా నా గడప తొక్కకు.

ఆర్డిస్

---

అక్కా,

నేను నీలా రాయలేను. నీ ఉత్తరం పట్టుకుని ట్రక్కులో కూర్చున్నాను, ఇంట్లోకి వెళ్లబుద్ధి కాలేదు. కార్ల వచ్చి తలుపు తీసి, ఉత్తరం తీసుకుని చదివింది.

బావకి నేను బ్రాందీ పోయలేదు. ఒక్క చుక్క కూడా. నువ్వు నమ్మవని తెలుసు, అయినా ఏం పోశానో అంతా రాస్తాను.

బావ గ్లాసు ఎప్పుడూ వేరే చేశాను. దానికి నీలం రంగు దారం కట్టేవాణ్ణి, పొరపాటున కూడా కలవకూడదని. అడుగున పంచదార గడ్డ, నారింజ చెక్క, రెండు మూడు చెర్రీలు. వాటిని కర్రతో నూరి, చేదు మూలికల బిట్టర్స్ చల్లి, ఐసు వేసి, పైన నిమ్మ సోడా. మనం చేసేదే, బ్రాందీ తప్ప. మొదటి శుక్రవారం బావ ఒక గుక్క తాగి, "ఏరా, ఇది పుట్టినరోజు పార్టీలో పిల్లలకిచ్చే నీళ్లలా ఉంది" అన్నాడు. మా ఎదురింటి డెల్మర్ పగలబడి నవ్వాడు. "తీర్పరిగారికి కొవ్వొత్తులు కూడా పెట్టు లైల్" అన్నాడు. బావ మొహం చిన్నబోయింది అక్కా. అందరి ముందు. అప్పటినుంచి బిట్టర్స్ ఎక్కువ పోశాను. చుక్కలు కాదు, చెంచాలతో. చెర్రీలు కూడా గుప్పెడు, జాడీలో రసంతో పాటు. బావ తాగి, "ఇప్పుడు మనిషి తాగేదిలా ఉంది" అన్నాడు. ఆ వారం నుంచి పెదవి విరవలేదు. నేను గొప్పపని చేశాననుకున్నాను. నీకు చెబుదామనుకున్నాను కూడా, నువ్వు మెచ్చుకుంటావని.

కార్ల నీ ఉత్తరం పూర్తి చేసి కిందికి వెళ్లింది. బిట్టర్స్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని కాగితం మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఎవడూ చదవడు. కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "లైల్, ఇందులో మద్యం బ్రాందీ కన్నా ఎక్కువ" అంది. "నోర్ముయ్, అది మందు" అన్నాను.

అక్కా, అది మందే కదా. మనకి కడుపునొప్పి వస్తే అమ్మ చెంచాతో పోసేది. నాకు ఐదేళ్లప్పుడు, నీకు పదేళ్లప్పుడు. ఎలర్ట్ తాత భోజనం చేయగానే దాన్నే చిన్న గ్లాసుడు వేసుకుని, "నేను తాగుడు మానేశాను" అనేవాడు. మద్యం అలమరలో కాదు, మన ఇంట్లో అది ఆస్పిరిన్ పక్కన ఉండేది. చెర్రీలైతే పళ్లు. ప్రతి జులైలో అమ్మ పద్ధతిలోనే కార్ల బ్రాందీలో ఊరబెడుతుంది. పిల్లలకి ఐస్‌క్రీం మీద వేసి పెడతాం. బావకి పండు పెట్టాననుకున్నాను.

కార్ల కళ్లద్దాలు తీసి, సీసా మూత బిగించింది, మళ్లీ బిగించింది.

నేను ఆసుపత్రికి వచ్చి చెబుతాను. ఎవరికి కావాలంటే వాళ్లకి. తిట్టు అక్కా, కానీ రావద్దనకు.

లైల్

---

లైల్,

నీ ఉత్తరం, కార్ల పంపిన ఆ బిట్టర్స్ సీసా, చెర్రీల జాడీ ఒక సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నిన్ను తీసుకెళ్లలేదు, నువ్వు ఏడుస్తావు, వాళ్లకి ఏడ్చేవాళ్లంటే అలవాటు.

మార్పిడి జాబితా చూసే ఆవిడ మంచిదే. అదే నా బాధ. చెడ్డదైతే పోట్లాడేదాన్ని. జాడీ మూత తీసి వాసన చూసింది. "మా అమ్మ కూడా ఇలాగే పెడుతుంది" అంది.

"అయితే మీకు అర్థమైంది" అన్నాను.

"నాకు అర్థమైంది అమ్మా. పరీక్షకి అర్థం కాదు. అది ఏ సీసా అని అడగదు."

"జాబితా తేల్చే కమిటీలో మనుషులున్నారు కదా, వాళ్లని అడగమనండి."

"మీ ఆయన మోసం చేశాడని వాళ్లు అనట్లేదు. జాగ్రత్తగా లేడంటున్నారు. కొత్త కాలేయం జాగ్రత్తగా ఉండేవాళ్లకి ఇవ్వాలి."

జాగ్రత్త. లైల్, ఆ మాట విన్నాక నేను ఆవిడకి చెప్పింది నీకూ చెబుతాను, ఎందుకంటే ఈ తప్పంతా నీ ఒక్కడి మీద పెట్టి పడుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ రాష్ట్రంలో తల్లి పక్కన కూర్చుంటే పిల్లాడికి కూడా బారులో గ్లాసు పోయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. పాలకన్నా బీరు తేలిగ్గా దొరికే రోడ్లు నాకు తెలుసు. మిల్లు మూసేసిన వారం యాజమాన్యం మాకు పంచింది ఉద్యోగాలు కాదు, వీడ్కోలు పార్టీ టోకెన్లు, మనిషికి మూడు గ్లాసులు. నేను ఉన్న గదిలోనే, ఆవిడ తల వెనక గోడకి, ఆసుపత్రి నిధుల విందు ఆహ్వానం అంటించి ఉంది. వైన్ రుచి చూసే సాయంత్రమట. ఇంతమంది కలిసి ఒక మనిషిని నలభై ఏళ్లు నానబెట్టి, చివరికి అతను ఒక్కడే జాగ్రత్తగా లేడని రాశారు. అతని ఇంట్లో మందు అనుకున్నది మందు కాదని, పండు అనుకున్నది పండు కాదని ఒక్కడూ ఒక్క కాగితం మీద రాసివ్వలేదు. "మద్యం ముట్టవద్దు" అని రాసిచ్చారు. మనం ముట్టలేదు. మన లెక్కలో ముట్టలేదు.

ఆవిడ అంతా విన్నది. అప్పీలు పత్రం ఇచ్చింది. విచారణ వసంతంలో. "ఈలోగా ఆయన పరీక్షలన్నీ శుభ్రంగా ఉండాలి" అంది. వసంతానికి నార్బ్ ఉండడని ఆవిడకీ తెలుసు.

ఇంటికొచ్చి ఇదంతా నార్బ్‌కి చెప్పాను. వంటగదిలో కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాడు. పొట్ట ఉబ్బి చొక్కా గుండీలు పట్టడం లేదు, కళ్లు పసుపు. నీ చెంచాల సంగతి చెబితే నవ్వాడు. నవ్వితే నొప్పి, పక్క పట్టుకుని నవ్వాడు.

"పాపం వెధవ. నా పరువు కాపాడాలని చూశాడు" అన్నాడు.

"అప్పీలు వేస్తున్నాను" అన్నాను.

"వెయ్యి. నాకు మాత్రం ఈ శుక్రవారం లైల్ చేత ఒకటి చేయించు. బ్రాందీతో. సరైనది."

"కుదరదు. పరీక్ష శుభ్రంగా ఉండాలి. నువ్వు ఇప్పుడు తాగావంటే వాళ్లన్నదే నిజమైనట్టు."

నార్బ్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. గడ్డకట్టిన సరస్సులో చూడటానికి ఏమీ ఉండదు.

"ఆర్డీ," అన్నాడు, "నన్ను సాక్ష్యంగా దాచుకుంటున్నావు."

"నిన్ను బతికించాలని చూస్తున్నాను."

"అది నిన్నటిదాకా. ఇవాళ గెలవాలని చూస్తున్నావు. నేను పోయాక కూడా శుభ్రంగా ఉండాలి నీకు, కమిటీకి చూపించడానికి."

జీవితమంతా నేను వాదించాను లైల్. యాజమాన్యంతో, కౌంటీతో, నీతో. ఎదుటివాడి నోట ఒక్కసారైనా జవాబు లేకుండా చేయగలిగానా అంటే చాలాసార్లు చేశాను. నిన్న మధ్యాహ్నం మాత్రం సింకు దగ్గర నిలబడి, కడిగిన గిన్నెనే కడిగాను.

అతను పోతాడు. ఈ ఉత్తరంలో గానీ ఆ అప్పీలులో గానీ దాన్ని మార్చేది ఏమీ లేదు. నీ మీద కోపం తగ్గలేదు, తగ్గుతుందని మాటివ్వను. నువ్వు చంపావన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఒక్కడివే కాదు, అంతే తేడా. ఇక నాకు కావలసినవి ఇవి:

ఈ శుక్రవారం రా. వెలుతురుండగానే రా, నార్బ్ తొందరగా అలిసిపోతున్నాడు.

బ్రాందీ తీసుకురా. అతను అడిగినట్టు ఒకే ఒక్కటి చెయ్యి. పోల్చడానికి రెండోది పెట్టకు, ఓట్లు వద్దు.

డెల్మర్‌ని తీసుకురాకు.

అతని ముందు క్షమాపణ అడగకు. అడిగితే నిన్ను ఓదార్చే పని కూడా అతని మీద పడుతుంది.

వసంతంలో విచారణకి నాతో రా. నార్బ్ లేకపోయినా రా. ఏం పోశావో, ఎందుకు మందనుకున్నావో వాళ్లకి చెప్పు.

"మద్యం ముట్టవద్దు" అన్న వాళ్ల కాగితం మీద బిట్టర్స్, ఊరబెట్టిన పళ్లు అని పేర్లతో సహా అచ్చు వేయించాలి. అది అయ్యేదాకా నువ్వూ నేనూ ఆ గదిలోంచి లేవకూడదు.

అతని అంత్యక్రియల భోజనంలో గ్లాసు పెట్టకు. ఊరు అడిగితే నా పేరు చెప్పు.

మీ అక్క,
ఆర్డిస్