బొటనవేలి మీద చొరబాటుదారు

జూన్ 3
చెల్లి తేల్చి చెప్పేసింది. "వేలి మీద ఆ పులిపిరి పోయేదాకా పాపని ఎత్తుకోకన్నయ్యా. దానికీ అంటుకుంటుంది." మేనకోడలికి మూడు నెలలు. ఇంకా ఉయ్యాల అవతల నుంచే చూస్తున్నాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పులిపిరి వైరస్ వల్ల వస్తుందట. పైచర్మంలోనే నక్కి ఉంటుందట. అందుకే ఒంట్లోని రక్షక కణాలకి దాని జాడ తెలియదట. "రోజూ ఈ మందు రాయండి. చర్మం రేగితే అవి మేలుకోవచ్చు. పన్నెండు వారాలు పట్టొచ్చు. గిల్లకండి" అంది.

పద్నాలుగేళ్ళుగా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని. కార్డు లేదని మేనేజరునే ఆపినవాణ్ణి. నా ఒంట్లో కాపలా ఇంత అధ్వాన్నమా? తల తీసేసినట్టయింది.

తీర్మానం: రోజూ మందు. గిల్లడం మానెయ్యాలి.

జూన్ 4
రాశాను. గిల్లలేదు. పన్నెండు వారాలెందుకు, నా పట్టుదలకి ఆరు చాలు!

జూన్ 9, మధ్యాహ్నం 3.00
గేటు దగ్గర నరపురుగు లేదు. గిల్లలేదు, తడిమానంతే. తడమడం గిల్లడం కిందికి రాదు.

3.20
కొంచెం ఊడింది. దానంతటదే.

జూన్ 30
పక్కన రెండు పిల్ల పులిపిర్లు. గిల్లితే పాకుతుందని డాక్టరమ్మ సరిగ్గా చెప్పలేదు.

జూలై 6
మందు రాసి మూడు రోజులైంది. కారణాలు: వాన. సీసా మూత బిగుసుకుపోయింది. బావ వచ్చాడు.

జూలై 19
మళ్ళీ రాస్తున్నాను. మూడూ ఎర్రబడి వాచాయి. ఒకటే దురద. భయమేసింది. రోజూ గేటుకొచ్చే కొరియరతను తను వాడే దురద మందు ట్యూబు ఇచ్చాడు. "ఇది రాయండన్నా, ఇట్టే తగ్గుద్ది." తగ్గింది. దేవుడులాంటివాడు.

ఆగస్టు 2
ఇప్పుడు ఐదు. డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి నుదురు కొట్టుకుంది. "ఆ ఎరుపు ఒక్కోసారి మంచి సూచనండీ. రక్షక కణాలు పని మొదలుపెట్టి ఉండొచ్చు. మీరు రాసింది వాటిని జోకొట్టే మందు."

అంటే ఇన్నాళ్ళకి డ్యూటీకి వచ్చినవాళ్ళని నేనే గేటు దగ్గర ఆపి ఇంటికి పంపేశాను.

చెల్లికి ఫోన్ చేశాను. నవ్వి నవ్వి, చివరికి మెల్లగా అంది. "ఇంకో పన్నెండు వారాలంటే దానికి ఎనిమిదో నెలన్నయ్యా. అప్పటికి మొహాలు గుర్తుపడుతుంది. కొత్తవాళ్ళ దగ్గరికి రాదేమో." నాకు ఏడుపొచ్చింది.

ఆగస్టు 3
కొత్త తీర్మానం: మందు రోజూ. గిల్లడం లేదు. కొరియరతనితో వైద్యం మాటలు లేవు. డ్యూటీ దిగగానే చెల్లి ఇంటికెళ్ళి, చేతులు జేబుల్లో పెట్టుకుని, పాపకి పావుగంట నా మొహం చూపించాలి.

సాయంత్రం 6.30
చూపించాను. గుక్కపట్టి ఏడ్చింది. యూనిఫాం టోపీ తియ్యడం మర్చిపోయాను. అంచేత ఈరోజు లెక్కలోకి రాదు. రేపే ఒకటో రోజు.