పుదియాప్ల పథ్యం

జనవరి 8, సోమవారం

పదో తరగతి పరీక్షల తర్వాత ఉత్తరాలు తప్ప ఏదీ రాయలేదు. ఇప్పుడు పెన్ను పట్టడానికి కారణం ఒక్కటే. ఒకరి గురించి చాటుగా చెడు మాట్లాడటం పాపమని మదరసాలో ఉస్తాద్ నేర్పారు. రాసుకోవడం గురించి ఆయన ఏమీ చెప్పలేదు. ఇది ఎక్కడో ఒకచోట దించుకోకపోతే నమాజు కూడా కుదిరేలా లేదు. ఇవాళ నేలకు నుదురు ఆనించి మా ఆడపడుచు నేతిడబ్బా గురించి ఆలోచించాను. అల్లా క్షమించాలి.

సంగతి ఇదీ. మా ఆయన ఎడమ కాలి రెండో వేలిని కొత్త చెప్పు కరిచింది. చిన్న పుండే. రెండు నెలలైనా మానలేదు. ఇవాళ డాక్టర్ చూసి మొహం మార్చేశారు. ఫాస్టింగ్ షుగర్ రెండు వందల నలభై. నెల రోజులు గడువిచ్చారు. ఈలోపు షుగర్ దిగి పుండు ఎండితే సరే, లేకపోతే వేలు తీసెయ్యాలి, వేలితో ఆగుతుందని హామీ కూడా ఇవ్వలేనన్నారు. గొడుగులు అమ్ముకునేవాడికి చేతివేళ్లుంటే చాలు కదా అని ఈయన నవ్వారు. డాక్టర్ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాత డైటీషియన్ దగ్గరికి పంపారు. లిన్సి అని చిన్నపిల్ల, నా కూతురి వయసు. ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడిగింది. నేనే అన్నాను. మూడు పూటలా? అంది. మూడు పూటలా అన్నాను. ఆయన గోడమీద కూరగాయల బొమ్మలు చూస్తూ కూర్చున్నారు.

అబద్ధం కాదు. మూడు పూటలా వండుతాను. ఆయన తింటారు. కాకపోతే పొద్దున్న కొట్టు తెరిచే ముందూ, మధ్యాహ్నం నమాజు ముందూ వాళ్ల అక్క ఇంటికి వెళ్లి ఓ పావుగంట కూర్చుని వస్తారు. అక్కని మేం ఇత్త అంటాం. బీయాత్తు ఇత్త ఇల్లు కొట్టు వెనకాల సందులోనే. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు మా పుట్టింట్లో పడుకున్నా, మా తలశ్శేరి ముస్లిం మగవాళ్లందరిలాగే ఈయనకీ పగలు తన పుట్టిల్లే ఇల్లు. అక్కడ చక్కెర లేని సులైమాని తప్ప ఏమీ ముట్టనంటారు.

వట్టి టీ నీళ్లకి షుగర్ రెండు వందల నలభై ఎక్కుతుందా?

జనవరి 9, మంగళవారం

లిన్సి ఇచ్చిన చార్ట్ ఫ్రిజ్ మీద అంటించాను. పొద్దున్న గోధుమపిండితో పల్చటి రొట్టెల్లా పత్తిరీలు రెండు, కొబ్బరి వెయ్యని పెసల కూర. మధ్యాహ్నం కప్పుతో కొలిచిన ఎర్రబియ్యం అన్నం, కానాగంతల పులుసు, మునగాకు వేపుడు. సాయంత్రం వేయించిన శనగలు గుప్పెడు. రాత్రి ఒక్క పత్తిరి, ఉడికించిన గుడ్డు, దోసకాయ ముక్కలు. బియ్యప్పిండి పత్తిరి మర్చిపోవాలి. కొబ్బరిపాలు మర్చిపోవాలి.

ఉమ్మకి కోపం వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల అల్లుణ్ణి మా ఉమ్మ ఇంకా పుదియాప్ల అనే అంటుంది, కొత్తపెళ్లికొడుకని. పుదియాప్ల కంచంలో అడుగు కనబడుతోందని, ఈ పాపం చూడటానికే అల్లా తనని ఇంకా ఉంచాడని సణిగింది. రేపటినుంచి చిన్న కంచం పెడతాను. అడుగు కనబడదు.

జనవరి 13, శనివారం

వేరే ఆడవాళ్లు మొగుడి చొక్కాకి అత్తరు వాసన వెతుకుతారట. నేను నెయ్యి వాసన వెతికాను. ఉతకడానికి వేసిన చొక్కాలు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కాలర్ దగ్గర ఏమీ లేదు. కుడిచేతి మణికట్టు దగ్గర మెంతుల వాసన.

మా ఇంట్లో నేను మెంతులు వాడను.

జనవరి 16, మంగళవారం

రెండు వందల ముప్పై ఆరు. వారం రోజులు నూనె చుక్కల లెక్కన వేశాను. నాలుగంటే నాలుగు పాయింట్లు దిగింది.

లిన్సి ఫోన్‌లో ఏమైనా దాచుకుని తింటున్నారేమో చూడమంది. చూడక్కర్లేదు, నాకు తెలుసు అనబోయి, అలాగేనమ్మా అన్నాను.

జనవరి 18, గురువారం

మొత్తం రాసేస్తాను ఇవాళ. ఇల్లు ఖాళీగా ఉంది.

ఆయనకి నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. పదేళ్ల బీయాత్తు ఇత్త చంకన వేసుకుని పెంచింది. మొదట అన్నం కలిపి పెట్టింది ఆవిడే. మంచిదే. పుణ్యం. నేనెప్పుడూ కాదనలేదు. కానీ పెళ్లైన నెలలో నేను చేపల పులుసు చేస్తే ఆయన చెయ్యి ఆపి, ఇత్త ఇంకొంచెం చింతపండు వేస్తుంది అన్నారు. ఆ మాట ఆయనకి గుర్తుండదు. నేను ఇంకొంచెం చింతపండు వేస్తూనే ఉన్నాను. మళ్లీ ఏమీ అనలేదు, బాగుందనీ అనలేదు.

ఆవిడ మాత్రం అందరి ముందూ అంటుంది. పోయిన బక్రీద్ పండక్కి నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండగా నన్ను చూపించి, మా తమ్ముడు ఈ హఫ్సత్ వాళ్లింటికి వెళ్లాకే పొట్ట తెచ్చుకున్నాడు, షుగరూ అక్కడే తెచ్చుకున్నాడు, పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ వెదురుబద్దలా ఉండేవాడు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఇంట్లో పెట్టిన మాట నిజమే. అల్లుడొస్తే కొబ్బరి కూరిన తీపి ఉన్నక్కాయలు, గుడ్డుసొనతో తీగల మిఠాయి, నేతిలో వేయించిన అరటిపళ్లు. పెట్టకపోతే అదే నోటితో పీనాసివాళ్లం అనేది కాదూ?

ఇప్పుడు నేను మానేశాను. ఆవిడ మానలేదు. ఆవిడ ప్రేమకి ఆయన వేలు పోతుంది. ఇదీ నేను రాయాలనుకున్నది. రాశాను. తేలిక పడలేదు.

జనవరి 23, మంగళవారం

రెండు వందల నలభై నాలుగు. పెరిగింది.

కట్టు మార్చేటప్పుడు పుండు చుట్టూ నల్లగా కనిపించింది. నాకేనా అలా కనిపించింది? ఆయన్ని అడగలేదు. కళ్లు మూసుకుని ఉన్నారు.

జనవరి 24, బుధవారం, ఉదయం పదకొండు

మధ్యాహ్నం వంట ఇంకా మొదలుపెట్టలేదు. అయినా రాస్తాను.

పొద్దున్న ఆయన పత్తిరీలు రెండూ, పెసల కూర తిని వెళ్లారు. గంట ఆగి, పండక్కి వచ్చిన ఆవిడ స్టీలు గిన్నె ఒకటి మా ఇంట్లో ఉండిపోతే అది పట్టుకుని బయల్దేరాను. గిన్నె ఇవ్వడానికి కాదు. పట్టుకోవడానికి. హల్వా ముక్కో, నెయ్యి పత్తిరో ఆయన చేతిలో ఉండగా చూడాలి. దారంతా ఏమనాలో అనుకుంటూ వెళ్లాను. పెరటివైపు నుంచి వెళ్లాను, చెప్పుల చప్పుడు కాకుండా.

ఆయన బల్ల ముందు కూర్చుని తింటున్నారు. చిన్న కంచం. అందులో గోధుమపిండి పత్తిరీలు రెండు. కొబ్బరి వెయ్యని పెసల కూర. పక్కన గ్లాసులో మెంతులు నానబెట్టిన నీళ్లు.

మా ఇంటి చార్టే. అచ్చం.

ఇత్త నన్ను చూసి తలమీద గుడ్డ సర్దుకుంది. "రా హఫ్సూ, కూర్చో. పుదియాప్లని కడుపు మాడ్చి పంపించడం మీ ఇంట్లో కొత్త పద్ధతా?" అంది. రోజూ ఆకలి ఆకలి అంటూ వస్తున్నాడట. వేలి సంగతి తెలిసిన వారంలోనే ఆవిడ ఒక్కతే బస్సెక్కి అదే క్లినిక్‌కి వెళ్లి, మా తమ్ముడికి మూడు పూటలా నేనే వండుతాను అని చెప్పి చార్ట్ రాయించుకుందట. పేరు అడగలేదు కాబోలు లిన్సి, తమ్ముడంటే చాలనుకుంది.

తెచ్చిన గిన్నె బల్ల మీద పెట్టాను. "గంట కిందటే ఇవే రెండు తిని వచ్చారు ఇత్తా" అన్నాను.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "నిన్న పొద్దున్న, అస్సూ?"

"నిన్న కూడా" అన్నారాయన, కంచంలోకి చూస్తూ.

"మధ్యాహ్నం?"

చేతిలో ముక్క కంచంలో పెట్టేశారు. అదే జవాబు.

మేమిద్దరం గ్రాములు కొలిచి, చుక్కలు లెక్కపెట్టి, ఒక మనిషికి ఇద్దరు మనుషుల పథ్యం పెట్టాం. పథ్యం రెండుసార్లు తింటే విందే.

అదే రోజు, సాయంత్రం

ఎందుకిలా చేశారని అడిగాను. అక్కడ వద్దంటే ఇత్త ఏడుస్తుందన్నారు. ఇక్కడ వద్దంటే నువ్వు మాట్లాడవు, ఏడుపుకన్నా అదే నాకు భయం అన్నారు.

కోపం రావాలి. కోపం వచ్చింది. కానీ లోపల ఇంకొకటి కూడా. నాకు భయపడి తిన్నారు. ఆవిడ కన్నా నాకే ఎక్కువ భయపడ్డారు. దానికి సంతోషపడ్డాను, నల్లబడుతున్న వేలిని చేత్తో పట్టుకుని.

జనవరి 27, శనివారం

ముగ్గురం క్లినిక్‌కి వెళ్లాం. ఆటోలో ఆయన మధ్యలో. లిన్సి విషయం విని మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపి గట్టిగానే మందలించింది. ఒక మనిషి, ఒక రోజు, ఒక చార్ట్. ఏ పూట ఎవరిదో బయట కూర్చుని తేల్చుకు రమ్మంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. రాత్రి నాది, దానికి తిరుగులేదు. మా ఉమ్మ ప్రాణం ఉండగా పుదియాప్ల రాత్రి భోజనం ఇంకో ఇంట్లో జరగదు. పొద్దున్న, మధ్యాహ్నం మిగిలాయి. నేను రెండింటికీ సిద్ధపడే వచ్చాను. ఆయన డాక్టర్ల పేర్లున్న బోర్డు చదువుతున్నారు, మొదటినుంచి చివరికి, మళ్లీ మొదటినుంచి.

ఇత్తే ముందు నోరు విప్పింది. "మధ్యాహ్నం నువ్వే ఉంచుకో హఫ్సూ. అన్నం, చేప, ఆకుకూర, పెద్ద పని, నా మోకాళ్ల వల్ల కాదు."

అంత తేలిగ్గా ఇస్తుందనుకోలేదు. గెలిచాననుకున్నాను. మీ మనసు పెద్దది ఇత్తా అని కూడా అన్నాను. ఆవిడ తలూపింది.

"నాకు పొద్దున్న చాలు" అంది. "వాడు నిజంగా ఆకలితో ఉండేది పొద్దున్నే."

ఇంటికొచ్చి ఆ మాట నమిలాను. ఇంకా నములుతున్నాను.

జనవరి 30, మంగళవారం

నూట తొంభై.

ఫిబ్రవరి 3, శనివారం

మధ్యాహ్నం కూర్చుని తింటున్నారు. ముందులా మింగి లేవడం లేదు, నములుతున్నారు. పొద్దున్న ఇత్త ఏం పెట్టిందని అడగకూడదనుకుని అడిగాను. పెసరట్టు, గుడ్డు, దోసకాయ అన్నారు. బాగుందా అని కూడా అడిగాను. బాగుంది అన్నారు.

రేపు మునగాకులో వెల్లుల్లి కాస్త ఎక్కువ వేస్తాను. చార్ట్‌లో వెల్లుల్లికి కొలత లేదు.

ఫిబ్రవరి 8, గురువారం

నూట నలభై ఒకటి. అల్‌హందులిల్లా.

డాక్టర్ కట్టు విప్పి, పుండు అంచులు ఎండుతున్నాయని, కింద ఎర్రటి కొత్త చర్మం వస్తోందని చూపించారు. వేలు ఉంటుంది. ఆపరేషన్ మాట ఇప్పటికి లేదు. ఎవరండీ ఇంత శ్రద్ధగా చూసుకున్నది అన్నారు మా ఇద్దర్నీ చూసి. నేనూ ఇత్తా ఒకేసారి 'నేనే' అన్నాం. ఈయన తన కాలి వైపు చూసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇత్త ఏడ్చింది. నా చెయ్యి పట్టుకునే ఏడ్చింది. ఆవిడ చెయ్యి మెంతుల వాసన వేస్తోంది. నేను విడిపించుకోలేదు. ఈసారి రంజాన్‌కి ఆయన ఉపవాసం ఉండకూడదట, ఆ పూటలూ పంచుకోవాలి మనం అంది. అలాగే ఇత్తా అన్నాను. ఏ పూట అడగాలా అని అప్పుడే ఆలోచన మొదలైంది.

ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం

ఆయన ఖాళీ కడుపుతో గడప దాటారు. నేను రోజూలాగే పత్తిరీలు రెండు ఒత్తి కాల్చాను. ఆయన కుర్చీలో కూర్చుని నేనే తిన్నాను.

నా తర్వాత ఈ కాగితాలు ఎవరికి దొరికినా పారెయ్యకండి, దాచండి. ఎవరికీ చూపించకండి, ముఖ్యంగా ఆయనకి. ఒక్క పూట కోసం మేమిద్దరం ఇంత పోటీ పడ్డామని తెలిస్తే, ఆ మనిషి మళ్లీ రెండిళ్లలోనూ తింటాడు.