దూరాన్నించి వినే పాట

పీటర్‌మారిట్జ్‌బర్గ్,
ఆగస్టు 1996

తమ్ముడు క్రాంతికి,

నువ్వు మీ బావకు మౌతార్గాన్ ఇచ్చిన పుణ్యమా అని మా వీధంతా మారుమోగుతోంది.

పక్కింటి రూతు మామ్మ, ఎప్పుడో చెరకు తోటలకు వచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు, పెళ్ళైన కొత్తలో భర్తతో పార్కు కంచె బయట నిలబడి తెల్లవాళ్ళు తోలుసంచిలో గాలి నింపి వాయించే బ్యాగ్‌పైపులు వినేదట. లోపలికి వీళ్ళను రానిచ్చేవారు కాదు. అది తెలిసిన దగ్గర్నుంచి ఆ శబ్దాన్ని మౌతార్గాన్‌లో పలికించాలని మీ బావ పట్టుబట్టారు. ఆ పైపుల్లోలా కింద ఒకే స్వరం వదలకుండా పైన పాట వాయిస్తుంటే ఆయన ముఖం కందగడ్డే.

నిన్న ఆవిడ ముందు కూర్చుని వాయించారు.

"ఏటి బాబూ, మేకని కోత్తన్నావా?" అంది మామ్మ. నాకు నవ్వాగలేదు. మీ బావ చిన్నబోయారు. అది చూసి మామ్మే, "దూరం ఎల్లి వాయించు. మేం దూరాన్నించే గదా ఇన్నాం," అంది.

ఆయన వీధి చివరికి వెళ్ళి వాయించారు. మామ్మ కళ్ళు మూసుకుని, పక్కన ఎవరో ఉన్నట్టు చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను.

శనివారం అదే పార్కులో బ్యాగ్‌పైపుల కచేరీ ఉంది. తీసుకెళ్తామంటే, "లోపలికే?" అని అడిగింది.

అసలు పైపులు విన్నాక మామ్మ తన వాయింపు మరిచిపోతుందేమోనని మీ బావ బెంగ. నువ్వైనా నాలుగు మంచి మాటలు రాసి ఊరడించు.

అక్క