ఓదార్చేవాళ్లు రాని గది

నవంబర్ 13, 1984. మంగళవారం. జెర్సీ సిటీ.

ప్రసాద్ లేడు. రాశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున హైవే మీద ట్రక్ గుద్దింది. అక్కడికక్కడే... పక్క సీట్లో మా చెల్లి మేరీ. కడుపుకి ఆపరేషన్. నేను నర్సుగా చేసే హాస్పిటల్‌కే తెచ్చారు. స్ట్రెచర్ మీద ముఖం చూసేదాకా నాకు తెలియదు.

సాయంత్రం కళ్లు తెరిచింది. "ఆయనేడక్కా?"

"పై ఫ్లోర్‌లో ఉన్నాడే." నోట్లోంచి అదే వచ్చేసింది.

నవంబర్ 14

మళ్లీ అడిగింది. మళ్లీ పైనే అన్నాను. "ఇంట్లో నీలం స్వెటర్ ఉంది, తెచ్చివ్వక్కా. ఆయన చలికి ఆగలేడు." తెచ్చాను. పట్టుకుని లిఫ్ట్ కూడా ఎక్కాను. పైకెళ్లి ఎవరికివ్వాలి? నాకు పిచ్చెక్కుతోంది. నా లాకర్‌లో పెట్టి తాళం వేశాను.

ఎంతమంది భార్యలకి చెప్పాను ఈ మాట! సొంత చెల్లి దగ్గర నోరు పడిపోయింది.

నవంబర్ 15

బీపీ పడిపోతోంది, ఇప్పుడే చెప్పొద్దు — డాక్టర్.

క్యాంటీన్‌లో రబ్బీ గారు. యూదు పేషెంట్ల కోసం వచ్చే వాళ్ల మతగురువు, పెద్దాయన. ఏమైందమ్మా అన్నారు, అంతే, అంతా చెప్పేశాను. వాళ్ల పద్ధతి చెప్పారు. మంచం మీదున్న మనిషికి అయినవాళ్ల చావు కబురు చెప్పరట, మనసు చెదిరిపోతుందని. ఎదురుగా ఏడవరు. ఓదార్చడానికి వచ్చినవాళ్లని కూడా నోరెత్తనివ్వరు.

"మరి అడిగితే?"

"బతికున్నాడని మాత్రం చెప్పకూడదు."

"రెండుసార్లు చెప్పేశానండీ."

టీ కప్పు పక్కన పెట్టారు. "మూడోసారి చెప్పకు."

చిన్నప్పటినుంచీ బైబిల్ చదువుతున్నాను, ఇది ఎక్కడా లేదే అన్నాను. అందులో కాదు, మా పెద్దల చర్చల్లో ఉంది అన్నారు.

నవంబర్ 16

మా తెలుగు చర్చి వాళ్లని నోరెత్తనివ్వకపోవడమా! మంచం చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన చేయందే కదలరు. లిఫ్ట్ దగ్గరే ఆపేశాను అందరినీ. కరుణమ్మ గారు తెల్లచీరలో, అప్పటికే కళ్లు తుడుచుకుంటూ... "ప్రార్థనకి అడ్డం పడతావా సుగుణా?" పడతాను. క్యారియర్ నా చేతిలో కుక్కి విసురుగా వెళ్లిపోయారు.

ప్రసాద్ వాళ్లన్నయ్య షికాగో నుంచి దిగాడు. సమాధి రేపు మధ్యాహ్నమే. ఆగమంటే వినడు — "ఎన్నాళ్లని ఉంచుతామండీ?" మేరీ ఆఖరిచూపు చూడకుండానే పెట్టె మూసేస్తారా? నా గుండె ఒప్పుకోవడం లేదు.

ఈరోజు మేరీ ఆయన ఊసే ఎత్తలేదు. అడగదేం? భయంగా ఉంది.

నవంబర్ 17. శనివారం.

బీపీ నిలబడింది. ఇక చెప్పొచ్చు, నీ ఇష్టం అన్నాడు డాక్టర్. నా ఇష్టమట. రబ్బీ గారిని అడుగుదామంటే శనివారం వాళ్ల విశ్రాంతి దినం, రారు. మావాళ్లంతా చర్చిలో, ప్రసాద్ పెట్టె చుట్టూ. ఇక్కడ నేనొక్కదాన్నే.

మేరీ తలుపు వైపే చూస్తోంది.

"మన చర్చివాళ్లు ఒక్కరూ రాలేదేంటక్కా? జలుబు చేస్తేనే క్యారియర్లతో దిగిపోతారు గదా."

తెలియకూడదనే ఆపాను అందరినీ. ఆపినందుకే అనుమానం వచ్చింది దానికి.

"అందరూ ఎవరి దగ్గరున్నారక్కా?"

ఇప్పుడే వస్తానని బయటికొచ్చాను. లాకర్ దగ్గర నిలబడి రాస్తున్నాను. పెట్టె ఇంకా మూసి ఉండరు. ఫోన్ చేసి ఆపమనాలి... కాదు, ముందు మేరీకి చెప్పాలి. నీలం స్వెటర్ తీసుకుని వెళ్తున్నాను.